పదేళ్లకా, పదో తరగతి తర్వాతా: జర్మనీ బడి, మన బడి పిల్లల్ని ఎక్కడ వేరు చేస్తాయి?

జర్మనీ చదువుల గురించి మన దగ్గర రెండు మాటలు చలామణిలో ఉన్నాయి. అక్కడ బడికి ఫీజు ఉండదు, ర్యాంకుల గోల ఉండదు, పిల్లలు హాయిగా పెరుగుతారన్నది ఒకటి. పదేళ్లు వచ్చేసరికే పిల్లాడు యూనివర్సిటీకి వెళ్తాడా, వర్క్‌షాపుకు వెళ్తాడా అన్నది తేల్చేస్తారన్నది ఇంకొకటి. ఐటీ ఉద్యోగాలకు, నర్సింగ్ కొలువులకు జర్మనీ వెళ్లే తెలుగు కుటుంబాలు పెరిగేకొద్దీ రెండో మాటకు బలం వచ్చింది. నాలుగో తరగతిలో బడి ఇచ్చే సిఫార్సు పత్రం చూసి టెన్షన్ పడే తల్లిదండ్రుల్లో ఇప్పుడు మనవాళ్లూ ఉన్నారు.

రెండూ సగం నిజాలే. మిగతా సగం తెలియాలంటే ఆ దేశపు బడిని విడిగా చూస్తే చాలదు, మన బడి పక్కన పెట్టి చూడాలి. ఎప్పుడో ఒకప్పుడు పిల్లల్ని వేరువేరు దారుల్లోకి పంపడం రెండు చోట్లా జరిగేదే. ఎప్పుడు పంపుతారు, ఎవరు పంపుతారు, దేన్ని చూసి పంపుతారు అన్న దగ్గరే తేడా. ఈ ప్రశ్నలు పట్టుకుని చూస్తే జర్మనీ అంత కఠినంగానూ కనిపించదు, మనం అంత ఉదారంగానూ కనిపించం.

పోలికకు దేశం మొత్తాన్ని కాకుండా రెండు తెలుగు రాష్ట్రాలను తీసుకోవడం మేలు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. జర్మనీ జనాభా కూడా ఇంచుమించు అంతే. పైగా అక్కడ కూడా చదువు రాష్ట్రాల చేతిలోనే ఉంది. జర్మనీలో 16 రాష్ట్రాలు, ఎవరి విద్యాశాఖ వాళ్లది, ఎవరి సిలబస్ వాళ్లది. మన దగ్గర 1976లో 42వ రాజ్యాంగ సవరణ చదువును రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి మార్చినా, బడులనూ బోర్డులనూ చాలావరకు నడిపేది రాష్ట్రాలే. అందుకే ఎవరైనా ‘జర్మనీలో ఇలా ఉంటుంది’ అనగానే ‘ఏ రాష్ట్రంలో?’ అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం పుకార్లు ఆగిపోతాయి.

## నాలుగో తరగతి దాకా అందరిదీ ఒకే బడి

జర్మనీలో పిల్లలు ఆరేళ్ల వయసులో ఒకటో తరగతిలో చేరతారు. అంతకుముందు కిండర్‌గార్టెన్‌కు వెళ్తారు గానీ అక్కడ అక్షరాలు దిద్దించరు, హోంవర్క్ ఇవ్వరు. మన ఎల్‌కేజీ పిల్లాడు నాలుగు గీతల నోట్‌బుక్‌లో వంకర అక్షరాలతో కుస్తీ పడే వయసులో అక్కడివాడు మట్టిలో ఆడుకుంటుంటాడు.

ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా ఉండే ప్రాథమిక పాఠశాలను గ్రుండ్‌షూలె అంటారు. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రాల్లో ఇది ఆరో తరగతి దాకా నడుస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఏ బడికి వెళ్లాలన్నది ఇంటి చిరునామాను బట్టే ఖరారవుతుంది. ఆ పేటలో డాక్టరు కూతురు, బస్సు డ్రైవరు కొడుకు ఉంటే ఇద్దరూ ఒకే క్లాసులో కూర్చుంటారు. పేటలే డబ్బున్నవాళ్లవి, లేనివాళ్లవి అని విడిపోయిన చోట బడులూ అలాగే విడిపోతాయి, అది వేరే సంగతి. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటామంటే మాత్రం చట్టం ఒప్పుకోదు.

ప్రైవేటు బడులు లేకపోలేదు. వాటిలో చదివేది పదిమందిలో ఒకరికన్నా తక్కువ. జర్మనీ రాజ్యాంగంలో ఏడో అధికరణం నాలుగో క్లాజు ప్రైవేటు బడికి అనుమతి ఇవ్వడానికి ఒక షరతు పెట్టింది. తల్లిదండ్రుల ఆస్తిపాస్తులను బట్టి పిల్లలు విడిపోయే పరిస్థితిని ఆ బడి ప్రోత్సహించకూడదు. ఈ నిబంధన అన్ని చోట్లా తు.చ. తప్పకుండా అమలవుతోందా అన్న చర్చ అక్కడా ఉంది. కానీ ఫీజును బట్టి పిల్లల్ని విడదీయడం తప్పు అని రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

నాలుగో తరగతి తర్వాత దారులు చీలతాయి. పాత పద్ధతిలో అవి మూడు. యూనివర్సిటీ చదువుకు తయారు చేసే గిమ్నాజియుమ్. ఇది 12 లేదా 13వ తరగతి దాకా ఉంటుంది, చివర్లో అబిటూర్ పరీక్ష. పదో తరగతితో ముగిసే రియాల్‌షూలె. ఇక్కణ్ణుంచి ఆఫీసు ఉద్యోగాలకు, సాంకేతిక శిక్షణకు, కావాలంటే పై చదువుకు వెళ్లొచ్చు. తొమ్మిది లేదా పదో తరగతితో ముగిసే హౌప్ట్‌షూలె; ఇది ప్రధానంగా చేతివృత్తుల వైపు పంపేది. ఈ మూడూ కలిసి ఉండే గెజామ్ట్‌షూలె అనే బడులూ ఉన్నాయి.

ఇది పాత పటం. ఇప్పుడు చాలా రాష్ట్రాలు హౌప్ట్‌షూలెను రియాల్‌షూలెతో కలిపేశాయి. హాంబుర్గ్‌లో ఇప్పుడున్నవి ప్రధానంగా రెండే దారులు. ఒకటి గిమ్నాజియుమ్, రెండోది ష్టాట్‌టైల్‌షూలె. రెండోదాంట్లో చదివినా అబిటూర్ రాయొచ్చు, కాకపోతే ఒక ఏడాది ఎక్కువ పడుతుంది. కాబట్టి ‘పదేళ్లకే తేల్చేస్తారు’ అన్న మాట హాంబుర్గ్‌కు అంతగా అతకదు. బవేరియాకు అతుకుతుంది.

## 2.33 అనే గీత

మ్యూనిక్ నగరం ఉన్న బవేరియా రాష్ట్రంలో లెక్క చాలా స్పష్టంగా ఉంటుంది. జర్మన్ బడుల్లో గ్రేడ్లు 1 నుంచి 6 వరకు. 1 అంటే అన్నిటికన్నా మంచిది, 6 అంటే ఫెయిల్. నాలుగో తరగతి పిల్లలకు మే మొదట్లో ఒక ప్రత్యేక పత్రం ఇస్తారు. అందులో జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఈ మూడింటి సగటు చూస్తారు. సగటు 2.33 లోపు ఉంటే గిమ్నాజియుమ్‌కు, 2.66 లోపు ఉంటే రియాల్‌షూలెకు అర్హత. అంతకు మించితే మిట్టెల్‌షూలె. అక్కడ హౌప్ట్‌షూలెకు ఇప్పుడున్న పేరు అదే.

ఒక పాపకు జర్మన్‌లో 2, లెక్కల్లో 3, పరిసరాల విజ్ఞానంలో 2 వచ్చాయనుకుందాం. మొత్తం 7, మూడుతో భాగిస్తే 2.33. గిమ్నాజియుమ్‌కు దారి దొరికింది. పక్కన కూర్చునే బాబుకు జర్మన్‌లో 3, లెక్కల్లో 3, పరిసరాల విజ్ఞానంలో 2. మొత్తం 8, సగటు 2.66. రియాల్‌షూలె. ఇద్దరికీ తేడా ఒక్క సబ్జెక్టులో ఒక్క గ్రేడు. ఆ గ్రేడు వేసింది పబ్లిక్ పరీక్ష కాదు, ఏడాది పొడవునా క్లాసులో పెట్టిన పరీక్షలను దిద్దిన క్లాస్ టీచరు.

గీత దాటలేని పిల్లలకు ట్రయల్ క్లాసులు ఉంటాయి. మూడు రోజుల పాటు జర్మన్, లెక్కలు చెప్పి, రాయించి, సరిపోతాడనుకుంటే చేర్చుకుంటారు. ఒకటో తరగతి నుంచి అక్కడే చదవని, మాతృభాష జర్మన్ కాని పిల్లలకు కొంత సడలింపు కూడా ఉంది. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల్ని తీసుకుని వెళ్లే మన కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. లెక్కల్లో చురుకైన పిల్లలకు కూడా భాష వల్ల సగటు పడిపోతుంది.

మరి మిగతా రాష్ట్రాల్లో? నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో టీచరు సిఫార్సు సలహా మాత్రమే, నిర్ణయం తల్లిదండ్రులది. బాడెన్ వ్యుర్టెంబెర్గ్ కథ ఇంకా తమాషా. అక్కడ 2012లో టీచరు మాటే శాసనం అన్న పద్ధతి తీసేసి తల్లిదండ్రులకు వదిలేశారు. గిమ్నాజియుమ్‌లు నిండిపోయాయి, తట్టుకోలేక మధ్యలో మానేస్తున్న పిల్లలు పెరిగారన్న ఫిర్యాదులు వచ్చాయి. పుష్కరం తిరిగాక మళ్లీ నిబంధనలు బిగించి, సిఫార్సుకు తోడు ఒక పరీక్ష కూడా పెట్టారు.

## ఆ గీత మీద వందేళ్ల పేచీ

ఈ నాలుగేళ్ల ఉమ్మడి బడి ఒకప్పుడు పోరాడి సాధించుకున్నది. 1920కి ముందు జర్మనీలో చాలాచోట్ల స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలు ఫీజు కట్టి వేరే సన్నాహక బడులకు వెళ్లేవాళ్లు, మామూలు పిల్లలతో కలిసి కూర్చునేవాళ్లే కాదు. 1920 ప్రాథమిక పాఠశాల చట్టం వాటిని ఎత్తేసి, మొదటి నాలుగేళ్లు అందరికీ ఒకే బడి అంది. అంతకన్నా ఎక్కువ కాలం కలిపి ఉంచాలని కోరినవాళ్లు అప్పుడూ ఉన్నారు. కుదిరిన రాజీ నాలుగేళ్లు. అదే ఇప్పటికీ చాలా రాష్ట్రాల్లో నడుస్తోంది.

రాజీ మీద పెద్ద దెబ్బ 2001 డిసెంబరులో పడింది. పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాల వారీగా పోల్చే పీసా పరీక్ష మొదటి ఫలితాలు అప్పుడు వచ్చాయి. ప్రపంచానికి యూనివర్సిటీలు నేర్పిన దేశం సగటు కన్నా కింద ఉంది. అంతకన్నా బాధించింది ఇంకొకటి. పరీక్ష రాసిన దేశాల్లో ఇంటి పరిస్థితికీ పిల్లల మార్కులకూ మధ్య లంకె బాగా గట్టిగా ఉన్న వాటిలో జర్మనీ ఒకటి. ‘పీసా షాక్’ అన్న మాట అక్కడి పత్రికల్లో స్థిరపడిపోయింది. (మన దేశం 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్‌లతో రాయించి, అట్టడుగున నిలిచి, ఆ తర్వాత విడతలకు దూరంగా ఉండిపోయింది. జర్మనీ షాక్ తిని చర్చ పెట్టుకుంది, మనం థర్మామీటరు దాచేశాం.)

ముందుగా విడదీయడాన్ని తప్పుపట్టేవాళ్ల వాదనకు గట్టి ఆధారాలున్నాయి. నాలుగో తరగతి పిల్లల చదివే సామర్థ్యాన్ని కొలిచే ఇగ్లూ సర్వేలు ఒకే విషయాన్ని పదేపదే చూపించాయి. ఒకే స్థాయిలో చదవగలిగే ఇద్దరు పిల్లల్లో, బాగా చదువుకున్న తల్లిదండ్రుల బిడ్డకే గిమ్నాజియుమ్ సిఫార్సు దొరికే అవకాశం ఎక్కువ. దీన్ని పూర్తిగా టీచర్ల దురుద్దేశం అనలేం. ఇంట్లో సాయం చేసేవాళ్లున్న పిల్లలు నెగ్గుకొస్తారని టీచరు అనుకోవడం సహజం. ఫలితం మాత్రం అదే. 2006లో జర్మనీ వెళ్లిన ఐక్యరాజ్యసమితి విద్యాహక్కు ప్రతినిధి వెర్నోర్ మున్యోస్ కూడా ఈ పద్ధతిని విమర్శించారు. అదే ఏడాది ఆర్థికవేత్తలు ఎరిక్ హనుషెక్, లుడ్గర్ వ్యోస్‌మన్ దేశాలను పోల్చి చూసి, చిన్న వయసులో విడదీస్తే అసమానత పెరుగుతుందని, సగటు చదువు మాత్రం మెరుగుపడుతుందన్న ఆధారం కనబడలేదని తేల్చారు.

సమర్థించేవాళ్లకూ మాట ఉంది. గట్టిగా వేరు చేసే బవేరియా, దేశంలోని రాష్ట్రాలను పోల్చే పరీక్షల్లో పై వరసలోనే ఉంటుంది. ఒకే స్థాయి పిల్లలున్న క్లాసులో పాఠం సాఫీగా నడుస్తుందని, పుస్తకాల చదువు మీద ఆసక్తి లేని పిల్లలకు చేతిపని నేర్పించి పద్దెనిమిదేళ్లకే జీతం తెచ్చుకునేలా చేయడం న్యాయమేనని వాళ్లంటారు.

2010 జూలై 18న ఈ పేచీ హాంబుర్గ్‌లో ఓటుకు వెళ్లింది. ఉమ్మడి బడిని నాలుగేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచాలని అక్కడి శాసనసభలో ఉన్న పార్టీలన్నీ ఒప్పుకున్నాయి. ప్రజాభిప్రాయ సేకరణలో అది ఓడిపోయింది. స్తోమత ఉన్న పేటల్లో ఓటింగ్ ఎక్కువ, పేద పేటల్లో తక్కువ. ఎవరికి లాభం కోసం తెచ్చారో వాళ్లు ఓటెయ్యడానికి రాలేదు.

## మన దగ్గర గీత గీసేది ఎవరు?

ఇక మన వైపు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య అంది. పదో తరగతి దాకా చట్టం ప్రకారం ఎవరినీ వేరే దారిలోకి పంపేది లేదు. ఎస్సెస్సీ అంటే అందరికీ ఒకటే పరీక్ష, ఒకటే సర్టిఫికెట్. ఆ తర్వాతే ఎంపీసీ, బైపీసీ, సీఈసీ గ్రూపులు, పాలిటెక్నిక్, ఐటీఐ. కాగితం మీద చూస్తే మన గీత పదిహేనేళ్లకు పడుతోంది. జర్మనీ కన్నా ఐదేళ్లు ఆలస్యంగా, అంటే పిల్లలకు ఐదేళ్లు ఎక్కువ అవకాశం ఇచ్చి.

ఇప్పుడు ఒకే పట్టణంలో ఇద్దరు పిల్లల్ని ఊహించుకుందాం. ఒక అమ్మాయి జెడ్పీ హైస్కూల్లో చదివింది. ఒక అబ్బాయి మూడేళ్ల వయసులో ప్రైవేటు నర్సరీలో చేరి, ఆరో తరగతి నుంచి టెక్నో స్కూల్లో ఐఐటీ ఫౌండేషన్ తరగతులు విన్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది పది పాసయ్యారు, మార్కులూ దగ్గరదగ్గరే అనుకుందాం. ఇంటర్ ఎంపీసీలో చేరిన రోజున ఆ అబ్బాయికి పోటీ ప్రశ్నలు చేయడం ఐదేళ్లుగా అలవాటు. ఆ అమ్మాయి మల్టిపుల్ చాయిస్ పేపరు సీరియస్‌గా పట్టుకోవడం అదే మొదలు. రెండేళ్ల తర్వాత ఇద్దరూ ఒకే హాల్లో ఈఏపీసెట్ రాస్తారు. ఇద్దరికీ ఒకే పేపరు.

ఈ ఇద్దర్నీ విడదీసింది పదో తరగతి కాదు. నర్సరీ అడ్మిషన్ రోజునే విడిపోయారు. జర్మనీలో గీత పదేళ్లకు పడితే మన దగ్గర మూడేళ్లకే పడుతోంది, గీసేది టీచరు కాదు, ఫీజు. నా ఉద్దేశంలో ఈ పోలికలో అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఇదే, అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేదీ ఇదే. దేశంలో మూడో వంతుకు పైగా పిల్లలు, తెలంగాణలో సగానికి పైగా పిల్లలు ప్రైవేటు బడుల్లో ఉన్నారు. ఆ ప్రైవేటులోనూ గల్లీ ఇంగ్లిష్ మీడియం స్కూలు నుంచి లక్షల ఫీజుండే ఇంటర్నేషనల్ స్కూలు దాకా మెట్లున్నాయి. స్టేట్ సిలబస్, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ అని బోర్డుల మెట్లు వేరే.

దీన్ని సరిచేయడానికే విద్యాహక్కు చట్టంలో 12(1)(సి) సెక్షన్ పెట్టారు. ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. చట్టం వచ్చిన ఇంచుమించు పుష్కరకాలానికి గానీ ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్ల భర్తీ మొదలు కాలేదు.

ఫీజు కట్టే తల్లిదండ్రులది దీనికి వేరే కోణం. ఆటో నడిపే తండ్రి అప్పు చేసి పిల్లను ఇంగ్లిష్ మీడియంలో వేస్తే అది ఆయన చేతిలో ఉన్న నిర్ణయం. బవేరియాలో పారిశుద్ధ్య కార్మికుడికి ఆ అవకాశం లేదు, ట్రయల్ క్లాసులో నెగ్గితే తప్ప చాలావరకు టీచరు వేసిన సగటే చివరి మాట. డబ్బు అన్యాయమైన తక్కెడే కావచ్చు గానీ సంపాదించి దాని ముల్లు కదపొచ్చన్న ఆశ మన మధ్యతరగతిని నడిపిస్తోంది. ఆ ఆశను వట్టి భ్రమ అని కొట్టిపారేయడానికి లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఊరూరా కనిపిస్తారు.

## పదేళ్ల పిల్లలకు పరీక్ష మనకూ ఉంది

జర్మనీ పదేళ్ల పిల్లల్ని వడగడుతోందని ఆశ్చర్యపోయే మనం, అదే వయసులో మన పిల్లలు రాసే పరీక్షలను మరిచిపోతాం. ఐదో తరగతిలో ఉండగా నవోదయ పరీక్ష. నాలుగో తరగతి చదువుతూ ఐదులో చేరడానికి గురుకులాల పరీక్ష. ఆరో తరగతికి సైనిక్ స్కూలు పరీక్ష. ఇవి ఎవరినీ కిందికి పంపవు, కొందర్ని పైకి తీస్తాయి. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. పరీక్ష తెలుగులో రాయొచ్చు.

గురుకులాలకు మన దగ్గర మంచి చరిత్రే ఉంది. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. పల్లెటూరి పేద పిల్లల్లో చురుకైనవాళ్లను ఏరి, హాస్టల్లో పెట్టి, మంచి టీచర్లతో చదివించాలన్నది ఆలోచన. అది ఫలించింది కూడా. కానీ ఏరడం అంటేనే మిగతావాళ్లను ఎక్కడివాళ్లను అక్కడే వదిలేయడం. చురుకైన పిల్లలు వెళ్లిపోయాక ఊరి బడిలో మిగిలే క్లాసు ఎలా ఉంటుందన్న ప్రశ్నను గిమ్నాజియుమ్ విమర్శకులు జర్మనీలో సరిగ్గా ఇలాగే అడుగుతారు.

## చెప్పిన మాస్టారే దిద్దితే

రెండు వ్యవస్థల మధ్య లోతైన తేడా పరీక్ష దిద్దే బల్ల దగ్గర బయటపడుతుంది.

అబిటూర్‌లో మొత్తం 900 పాయింట్లు. ఇందులో 600 చివరి రెండేళ్లలో క్లాసులో తెచ్చుకున్న గ్రేడ్ల నుంచి వస్తాయి. 300 మాత్రమే చివరి పరీక్షల నుంచి. ఒక అమ్మాయికి రెండేళ్ల క్లాసు గ్రేడ్లతో 420, చివరి పరీక్షల్లో 180 వచ్చాయనుకుందాం. మొత్తం 600, సర్టిఫికెట్ మీద పడే గ్రేడు 2.3. పరీక్షల వారంలో జ్వరం వచ్చి 180 బదులు 150 తెచ్చుకుందనుకోండి. మొత్తం 570, గ్రేడు 2.5. నష్టమే గానీ జీవితం తలకిందులవదు. పేపర్లను చాలా రాష్ట్రాల్లో మొదట దిద్దేది ఆ సబ్జెక్టు చెప్పిన టీచరే, తర్వాత ఇంకొకరు చూస్తారు.

మన ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపరు 160 ప్రశ్నలు, మూడు గంటలు. నీట్ 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. అంటే రావలసిన జవాబు ఒక్కటి తప్పు పెడితే తేడా ఐదు మార్కులు. 20 లక్షలమందికి పైగా రాసే పరీక్షలో ఐదు మార్కులంటే వేల ర్యాంకులు. ఆ రోజు జ్వరం వస్తే సంవత్సరం పోయినట్టే. ఉమ్మడి రాష్ట్రంలో ఎంసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కులను 25 శాతం కలిపేవాళ్లు. ఆ వెయిటేజీ ఉండాలా వద్దా అన్నది కూడా వివాదమే అయింది.

మరి మనమూ క్లాసు గ్రేడ్లను నమ్మొచ్చు కదా? పదో తరగతిలో 20 ఇంటర్నల్ మార్కులు పెట్టి చూశాం. చాలా బడులు పిల్లలందరికీ ఇరవైకి ఇరవై వేస్తున్నాయన్న విమర్శ వెంటనే వచ్చింది. బడి పేరు ఫలితాల ఫ్లెక్సీ మీద ఆధారపడిన చోట టీచరు నిజాయితీగా 13 వెయ్యగలడా? అందుకే మన వ్యవస్థ అంతా మొహం చూడకుండా దిద్దడం మీద నిలబడింది. జవాబు పత్రం మీద పేరు కనపడదు, స్పాట్ వాల్యుయేషన్‌కు వేరే జిల్లాకు పోతుంది, ఎంట్రన్స్ అయితే దిద్దేది కంప్యూటరే. పిల్లవాడి కులం, ఊరు, యాస, తండ్రి ఉద్యోగం దానికి తెలియవు. ఇగ్లూ సర్వేల్లో బయటపడిన పక్షపాతానికి ఇక్కడ, కనీసం దిద్దే దగ్గర, తావు లేదు. కోచింగ్ కొనుక్కోగలిగినవాళ్లకు ఆ పేపరు ముందే సగం లొంగి ఉంటుందన్నది దీనికి రెండో వైపు.

## ఒప్పందం ముందా, సర్టిఫికెట్ ముందా?

జర్మనీ గురించి మన విధాన పత్రాల్లో తరచూ వచ్చే మాట వృత్తి విద్య. 2020 జాతీయ విద్యా విధానం 12వ పంచవర్ష ప్రణాళిక అంచనాను ఎత్తి చూపింది. 19–24 ఏళ్ల కార్మికుల్లో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవాళ్లు మన దగ్గర 5 శాతం కన్నా తక్కువ, జర్మనీలో 75 శాతం. అంకె చూసి ‘మనమూ ఐటీఐలు పెంచుదాం’ అనడం తేలిక. అసలు తేడా ఐటీఐల సంఖ్యలో లేదు, పని జరిగే వరసలో ఉంది.

అక్కడ ఔస్‌బిల్డుంగ్ అనే శిక్షణలో చేరాలంటే ముందు ఒక కంపెనీతో ఒప్పందం కుదరాలి. ఆ తర్వాతే వృత్తి పాఠశాల. వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పని, ఒకటి రెండు రోజులు బడిలో పాఠం. రెండు నుంచి మూడున్నరేళ్లు. నెలనెలా జీతం ఉంటుంది. మొదటి ఏడాది శిక్షణార్థికి కనీసం ఇంత ఇవ్వాలన్న నిబంధన 2020లో 515 యూరోలతో మొదలై, 2024 నాటికి 649కి పెరిగింది. బ్రెడ్ తయారీ నుంచి బ్యాంకు గుమాస్తా దాకా, మెకట్రానిక్స్ దాకా 320కి పైగా గుర్తింపు పొందిన వృత్తులున్నాయి. చివరి పరీక్ష పెట్టేది బడి కాదు, వాణిజ్య సంఘాలు, చేతివృత్తుల సంఘాలు.

మన ఐటీఐలో వరస తలకిందులు. ముందు సర్టిఫికెట్, ఆ తర్వాత కంపెనీ వేట. అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది గానీ కంపెనీ గేటు లోపలికి వెళ్లడమే గగనం. జర్మన్ పద్ధతి నిలబడాలంటే పదహారేళ్ల పిల్లాడికి మూడేళ్లు జీతం ఇచ్చి నేర్పించడానికి సిద్ధపడే వేలాది చిన్న కంపెనీలు ముందు ఉండాలి. అది విద్యాశాఖ జీవోతో వచ్చేది కాదు. జర్మనీలోనూ అంతా సాఫీగా ఏం లేదు. ఇప్పుడు అబిటూర్ పాసైనవాళ్లు కూడా మంచి శిక్షణ సీట్లకు వస్తుండటంతో, హౌప్ట్‌షూలె పిల్లల్లో కొందరు ఒప్పందం దొరక్క సన్నాహక కోర్సుల్లోనే ఏళ్లు గడుపుతున్నారు.

ఒక విషయంలో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జర్మనీ అర్హతల పట్టికలో చేతివృత్తిలో మైస్టర్ పట్టా (ఔస్‌బిల్డుంగ్ తర్వాత పై పరీక్ష పాసై తెచ్చుకునే నిపుణుడి హోదా), యూనివర్సిటీ బ్యాచిలర్ డిగ్రీ రెండూ ఒకే ఆరో మెట్టు మీద ఉంటాయి. మైస్టర్ పట్టా ఉన్నవాళ్లకు 2009 నుంచి యూనివర్సిటీ తలుపు కూడా తెరిచారు. అంటే బవేరియాలో 3.0 సగటుతో మిట్టెల్‌షూలెకు వెళ్లిన పిల్లాడు ఎలక్ట్రీషియన్ శిక్షణ, మైస్టర్ పరీక్ష మీదుగా ముప్పై ఏళ్లకు ఇంజనీరింగ్ చదవొచ్చు. దూరం ఎక్కువే, నడిచేవాళ్లూ తక్కువే, దారి మాత్రం మూసి లేదు. రియాల్‌షూలె అయ్యాక వృత్తి గిమ్నాజియుమ్‌లో చేరి అబిటూర్ రాసేవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చేది పాలిటెక్నిక్ దారి. పది తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి. ఇంటర్ మీదుగా వెళ్లేవాళ్లతో పోలిస్తే తక్కువ ఖర్చు, తక్కువ టెన్షన్. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు కూడా ఇలాంటివే. నూజివీడు, ఇడుపులపాయ, బాసర క్యాంపస్‌లలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులోకి తీసుకుంటారు, మధ్యలో ఎంట్రన్స్ లేదు. గ్రామీణ ప్రభుత్వ బడి పిల్లలను దృష్టిలో పెట్టుకుని వచ్చిన ఈ ఆలోచన గురించి జర్మనీ నమూనాల మీద జరిగినంత చర్చ కూడా మన దగ్గర జరగలేదు.

## మన ఇంటర్ సర్టిఫికెట్ జర్మనీ వెళ్తే

రెండు వ్యవస్థలూ మొహామొహీ ఎదురుపడే చోటు జర్మన్ యూనివర్సిటీ అడ్మిషన్. ఇంటర్ పాసైన మన విద్యార్థి అక్కడ బ్యాచిలర్ డిగ్రీలో నేరుగా చేరగలడా? మామూలుగా అయితే కుదరదు. మన 12 ఏళ్ల చదువును అబిటూర్‌తో సమానంగా లెక్కించరు. ఇక్కడ గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీ కొంతకాలం చదివి వెళ్లాలి, లేదా అక్కడ ష్టూడియెన్‌కొలెగ్ అనే ఏడాది సన్నాహక కోర్సు చేసి పరీక్ష పాసవ్వాలి. దానికి ముందు ఢిల్లీలోని ఏపీఎస్ కార్యాలయం సర్టిఫికెట్లు అసలైనవేనా అని చూసి ధ్రువపత్రం ఇవ్వాలి. 2022 నవంబరు నుంచి స్టూడెంట్ వీసాకు అది తప్పనిసరి.

ఒక మినహాయింపు ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హత సాధించినవాళ్లకు ఇంజనీరింగ్, సైన్స్ కోర్సుల్లో నేరుగా దరఖాస్తు చేసుకునే వీలుంది. సొంత పిల్లల విషయంలో మూడింట రెండొంతులు క్లాసు టీచరు గ్రేడ్లను నమ్మే దేశం, మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఇంటర్ మార్కులను పక్కన పెట్టి ఒక్క రోజు ఎంట్రన్స్‌ను నమ్ముతోంది.